బిడ్డ పుట్టిన మొదటి గంట ఎవరిది?

(యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



బళ్లారి, షోలాపూర్, బరంపురం, చెన్నై, యానాం. ఇన్ని ఊళ్ళ నుంచి వచ్చి ఈరోజు ఒకచోట కూర్చున్నాం. మన తాతలు, ముత్తాతలు కూలి కోసమో, మగ్గం పని కోసమో, రైల్వే పని కోసమో, మునిసిపాలిటీ పని కోసమో ఆ ఊళ్ళు చేరారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడమో, మరాఠీయో, ఒడియానో, తమిళమో మాట్లాడుకుంటూ బతుకుతున్నాం.

యువజన కూడిక అంటే చదువు గురించో, ఉద్యోగం గురించో, పెళ్లి గురించో మాట్లాడతారని మీరు అనుకుని ఉంటారు. మేము ఇవాళ చంటిబిడ్డ గురించి మాట్లాడదామని వచ్చాం. మీలో చాలామందికి ఇంకా పెళ్లి కాలేదు. అయినా ఇది మీ విషయమే. అక్క కాన్పుకు, వదిన కాన్పుకు ఆస్పత్రి వరండాలో నిలబడేది మీరే. చీటీ పట్టుకుని మందుల షాపుకు పరుగెత్తేది మీరే. "డబ్బాపాలు తీసుకురండి" అని లోపల నుంచి కేక వస్తే వెళ్లి కొనుక్కొచ్చేది కూడా మీరే.

మా ప్రశ్న చిన్నది. పుట్టిన బిడ్డకు మనం చేసే పనుల్లో ఏవి నిజంగా మేలు చేస్తున్నాయి? ఏవి కేవలం అలవాటు కొద్దీ జరిగిపోతున్నాయి? ఇంట్లో జరిగేవాటినీ అడగాలి, ఆస్పత్రిలో జరిగేవాటినీ అడగాలి. పసుపు రాసిన చేతిని అడిగే మనం, గ్లవుజు తొడిగిన చేతిని కూడా అడగాలి.

యెహెజ్కేలు గ్రంథం 16వ అధ్యాయం మీరు చదివే ఉంటారు. అక్కడ ప్రవక్త యెరూషలేమును పారేసిన ఆడబిడ్డతో పోలుస్తాడు. పుట్టిన రోజున ఆ బిడ్డకు బొడ్డు కోసినవాళ్ళు లేరు, నీళ్ళు పోసినవాళ్ళు లేరు, ఒంటికి ఉప్పు రాసినవాళ్ళు లేరు, గుడ్డలో చుట్టినవాళ్ళు లేరు. ఆ రోజుల్లో చంటిబిడ్డకు చేసే సేవల జాబితా ఇది. ఉప్పు రాయడం కూడా అందులో ఉంది. ప్రేమతోనే రాసేవారు. రాయకపోతే ఆ బిడ్డను ఎవరూ పట్టించుకోలేదని అర్థం. మరి ఇవాళ మన సంఘంలో ఎవరైనా బిడ్డకు ఉప్పు రాస్తున్నారా? లేదు. లేత చర్మం గుండా ఉప్పు ఒంట్లోకి దిగితే ప్రాణం మీదికి వస్తుందని ఇప్పుడు వైద్యులకు తెలుసు. లేఖనంలో ఆ మాట ఉంది కదా అని మనం ఉప్పు పొట్లం పట్టుకోలేదు. అందులోని ప్రేమను ఉంచుకున్నాం, పద్ధతిని వదిలేశాం. మనం నేర్చుకోవలసింది ఈ తేడానే.

ప్రేమ ఉంటే చాలదా అని మీరు అడగవచ్చు. చాలదు. దానికి ఒక చరిత్ర చెబుతాం.

1940లలో అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను ఇంక్యుబేటర్లలో పెట్టి, ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చేవారు. ఊపిరాడని బిడ్డకు ఆక్సిజన్ మంచిదే కదా, ఎక్కువ ఇస్తే ఇంకా మంచిదే కదా అనుకున్నారు. ఎవరూ పరీక్షించి చూడలేదు. 1942లో బోస్టన్ కంటి వైద్యుడు థియోడర్ టెర్రీ ఒక సంగతి రాశాడు. అలాంటి బిడ్డల కంటి వెనుక పొర చెడిపోయి చూపు పోతోంది. కారణం దొరకలేదు. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే వైద్యురాలు ఆక్సిజన్ మీద అనుమానం వెలిబుచ్చింది. చివరికి అమెరికాలో 18 ఆస్పత్రులు కలిసి పరీక్ష చేశాయి. 1954 నాటికి సంగతి తేలిపోయింది. అవసరం లేకుండా ఇచ్చిన అధిక ఆక్సిజనే కళ్ళు తీస్తోంది. అప్పటికే లోకంలో దాదాపు 10,000 మంది బిడ్డలకు చూపు పోయింది.

ఈ చరిత్రలో ఒక సంగతి మమ్మల్ని ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. వాషింగ్టన్‌లో ఆర్నాల్ పాట్జ్ అనే వైద్యుడు అంతకుముందే ఒక పరీక్ష మొదలుపెట్టాడు. కొందరు బిడ్డలకు ఆక్సిజన్ తక్కువగా ఇవ్వాలని నిర్ణయించాడు. రాత్రిపూట కొందరు నర్సులు ఆ బిడ్డల మీద జాలిపడి, డాక్టరు చూడకుండా ఆక్సిజన్ పెంచేవారు. వాళ్ళు చెడ్డవాళ్ళా? కాదు. ఆ బిడ్డలను ప్రేమించినవాళ్ళు. ఆ ప్రేమే బిడ్డ కళ్ళకు చేటు తెచ్చేది. ప్రేమకు కళ్ళు ఉండాలంటే ఇదే.

కథ అక్కడితో ఆగలేదు. ఆ తర్వాత భయంతో ఆక్సిజన్ మరీ తగ్గించేశారు. అప్పుడు చూపు పోవడం తగ్గింది కానీ, ఊపిరి చాలక చనిపోయే బిడ్డలు పెరిగారు. పాత అలవాటు తప్పని తేలగానే దానికి సరిగ్గా ఎదురుగా పరుగెత్తడం కూడా పరీక్షించని అలవాటే. ఇవాళ బిడ్డ రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో కొలిచి, ఎంత కావాలో అంతే ఇస్తారు.

ఇది ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. 1996లో చెన్నైలోని ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో నెలలు నిండకుండా ఒక ఆడబిడ్డ పుట్టింది. కళ్ళ పరీక్ష చేయించాలని తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు. చూపు పోయింది. ఆ కుటుంబం ఏళ్ళ తరబడి పోరాడితే 2015 జూలై 1న సుప్రీంకోర్టు దాదాపు 1.8 కోట్ల రూపాయల పరిహారం ఇవ్వమంది. డబ్బు వచ్చింది, చూపు రాలేదు. కర్ణాటకలో బెంగుళూరు నారాయణ నేత్రాలయ వారు 2008 నుంచి కెమెరా పట్టుకుని జిల్లాల ఆస్పత్రులకు వెళ్లి ఇలాంటి బిడ్డల కళ్ళు పరీక్షిస్తున్నారు. కాబట్టి గుర్తుంచుకోండి. 34 వారాలకు ముందే పుట్టినా, 2 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టినా, 30 రోజుల లోపల కంటి పరీక్ష జరగాలి. ఆస్పత్రి వాళ్ళు చెప్పకపోతే మనం అడగాలి.

ఇప్పుడు మన ఇళ్ళలోకి వద్దాం. బస్తీల్లో ఇళ్ళు తిరిగేటప్పుడు మేము వినే మాటలు మీకూ తెలిసినవే. "మొదటి పాలు చీముపాలు, పిండి పారబొయ్యి." "నోట్లో కాస్త తేనె నాకించు, మాట తియ్యగా వస్తుంది." "ఆముదం పట్టు, కడుపు శుభ్రమవుతుంది." "గాడిదపాలు ఒక ఉగ్గుగిన్నెడు పట్టు, ఉబ్బసం రాదు." "బొడ్డు మీద బూడిద వెయ్యి, తొందరగా ఆరుతుంది." "బిడ్డ రొమ్ములో పాలు పిండెయ్యి, లేకపోతే గడ్డ కడుతుంది."

ఈ మాటలు చెప్పే అమ్మమ్మలు, నాన్నమ్మలు మనల్ని పెంచినవాళ్ళు. వాళ్ళను ఎగతాళి చేయడానికి మేము రాలేదు. డాక్టరు లేని రోజుల్లో వాళ్ళే డాక్టర్లు. వాళ్ళు చెప్పినవాటిలో మంచివి ఎన్నో ఉన్నాయి. బాలింతకు విశ్రాంతి కావాలన్నారు, బిడ్డను తల్లి పక్కనే పడుకోబెట్టాలన్నారు, బయటివాళ్ళు వచ్చి బిడ్డను ముట్టుకోవద్దన్నారు. ఈ మాటలకు వైద్యం కూడా తల ఊపుతుంది. కానీ ముర్రుపాలను పారబోయమన్న మాటకు ఊపదు. చిక్కగా, పసుపుగా వచ్చే ఆ కొన్ని చుక్కల్లోనే బిడ్డను జబ్బుల నుంచి కాచే శక్తి ఉంది. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి వల్ల ఏడాది నిండని బిడ్డకు నరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు. గాడిదపాలతో ఉబ్బసం రాదని ఎవరూ రుజువు చేయలేదు. పచ్చి పాలతో విరేచనాలు పట్టుకోవచ్చు. బొడ్డు మీద ఏదీ వేయకుండా పొడిగా ఉంచడమే చాలు. తల్లి ఒంట్లో ఉన్న హార్మోన్ల వల్ల చంటిబిడ్డ రొమ్ము కొంచెం ఉబ్బుతుంది, దానంతట అదే తగ్గుతుంది. పిండితే చీము పడుతుంది.

ఇంకా బాధాకరమైనవి ఉన్నాయి. ఒడిశాలో నబరంగ్‌పూర్ వైపు, మహారాష్ట్రలో మేళ్‌ఘాట్ వైపు కడుపు ఉబ్బిందనో, ఆయాసం వచ్చిందనో చంటిబిడ్డ పొట్ట మీద కాల్చిన ఇనుముతో వాతలు పెడుతున్నారని పత్రికల్లో మళ్ళీ మళ్ళీ వస్తోంది. పసిరికలు వస్తే వాతలు పెట్టించే అలవాటు మన తెలుగువాళ్ళలో కూడా ఉంది. ఆ బిడ్డకు జబ్బు తగ్గదు, పుండు మిగులుతుంది, ఆస్పత్రికి వెళ్లవలసిన సమయం చేజారుతుంది.

ఇక ఆస్పత్రిలోకి వద్దాం. ఇక్కడ మనకు నోరు పెగలదు. ఎందుకంటే అక్కడ ఉన్నది చదువు. కానీ చదువుకున్నవాళ్ళ అలవాట్లు కూడా అలవాట్లే.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి 88.6 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. అదే సర్వేలో పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన బిడ్డలు ఎంతమంది? నూటికి 41.8 మంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డల్లో కూడా సగానికి పైగా మొదటి గంటలో అమ్మ పాలకు దూరంగా ఉన్నారు. దీనికి అమ్మమ్మల మూఢనమ్మకాన్ని నిందిస్తే సరిపోతుందా?

చాలాచోట్ల జరిగేది ఇది. బిడ్డ బయటికి రాగానే బొడ్డుతాడుకు క్లిప్పు పెట్టి కోసేస్తారు. చక్కగా ఏడుస్తున్న బిడ్డ నోట్లో, ముక్కులో గొట్టం పెట్టి లాగుతారు. తూకం వేసి, తుడిచి, గుడ్డలో చుట్టి బయట ఉన్న బంధువులకు చూపిస్తారు. తల్లి ఒక గదిలో, బిడ్డ ఒక గదిలో. ఆపరేషన్ అయితే ఇంకా ఆలస్యం. ఈలోగా బిడ్డ ఏడిస్తే డబ్బాపాలు.

ఒక్కొక్కటీ అడుగుదాం. బొడ్డుతాడు వెంటనే ఎందుకు కోయాలి? బిడ్డకు వెంటనే ఊపిరి అందించవలసిన అవసరం లేకపోతే కనీసం ఒక నిమిషం ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో మాయలో ఉన్న రక్తం బిడ్డలోకి వెళ్తుంది. దానితో వచ్చే ఇనుము నెలల తరబడి బిడ్డను కాపాడుతుంది. మన దేశంలో 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని అదే సర్వే చెప్పింది. పైసా ఖర్చు లేని మందు ఒక నిమిషం ఓపిక. దాన్ని కూడా పేద బిడ్డకు ఇవ్వలేకపోతున్నాం.

చక్కగా ఊపిరి తీసుకుంటున్న బిడ్డ నోట్లో గొట్టం ఎందుకు? ఉమ్మనీరు తేటగా ఉండి బిడ్డ తనంతట తాను ఊపిరి తీసుకుంటుంటే అందరికీ అలా లాగవద్దని 2012లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. బిడ్డ కడుపులోనే దొడ్డికి వెళ్లి, చలనం లేకుండా పుడితే గొంతులోకి గొట్టం దించి లాగి తీరాలని వైద్యులు ఎంతోకాలం నమ్మారు. దాన్ని కూడా పరీక్షించి చూసినవాళ్ళు ఉన్నారు. యానాం వాళ్ళు వినండి, అలా చూసిన వాటిలో ఒకటి మీ పుదుచ్చేరిలోని జిప్‌మర్ ఆస్పత్రే. 2015లో వచ్చిన ఆ పరిశోధనలో 122 మంది బిడ్డలను రెండు గుంపులు చేసి చూశారు. గొట్టం వేసి లాగిన గుంపుకు అదనంగా కలిగిన మేలు ఏమీ కనబడలేదు. ఆ తర్వాత ప్రపంచమంతటా ఆ పద్ధతి మారింది. అంటే ప్రశ్న అడిగినవాళ్ళు వైద్యానికి శత్రువులు కారు. వాళ్ళే మంచి వైద్యులు.

తల్లినీ బిడ్డనూ ఎందుకు విడదీయాలి? 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గర్ రే అనే వైద్యుడు తక్కువ బరువు బిడ్డలను తల్లి గుండెకు ఆనించి కట్టించాడు. దాన్నే ఇప్పుడు కంగారూ తల్లి సంరక్షణ అంటున్నాం. చాలాకాలం దాన్ని పేదవాళ్ళ ఇంక్యుబేటర్ అన్నట్టే చూశారు. ముందు పెట్టెలో పెట్టి, బిడ్డ కుదుటపడ్డాకే తల్లికి ఇవ్వాలనేది నియమం. ఆ నియమం సరైనదేనా అని ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల్లో పరీక్షించారు. మన దేశం తరఫున ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి పాల్గొంది. 2021లో ఫలితం వచ్చింది. కుదుటపడేదాకా ఆగిన గుంపులో నూటికి 15.7 మంది బిడ్డలు 28 రోజుల లోపు చనిపోతే, పుట్టిన వెంటనే తల్లి గుండె మీద పెట్టిన గుంపులో నూటికి 12 మంది. ప్రతి వందమందిలో దాదాపు నలుగురు అదనంగా బతికారు. మేలు అంత స్పష్టంగా కనబడడంతో ఆ పరీక్షను ముందే ఆపేశారు. తల్లి గుండెను మించిన యంత్రం ఇంకా రాలేదు.

యౌవనస్థులారా, ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ మాటలు విని "ఆస్పత్రులన్నీ మోసమే, టీకాలు వద్దు, ఇంట్లోనే కాన్పు చేసుకుందాం" అని ఎవరైనా అంటే వాళ్ళు మా మాట వినలేదన్నమాట. రుజువు అడగడం అంటే అన్నిటినీ తోసేయడం కాదు. థెస్సలొనీకయులకు పౌలు రాసింది కూడా అదే కదా, అన్నీ పరీక్షించి మంచిదాన్ని వదలకుండా పట్టుకోమన్నాడు. పుట్టగానే ఇచ్చే విటమిన్ కె సూదికి రుజువు ఉంది, అది బిడ్డకు లోపల రక్తం కారకుండా ఆపుతుంది. 24 గంటల లోపు వేసే హెపటైటిస్ బి టీకాకు రుజువు ఉంది. బిడ్డ ఊపిరి తీసుకోకపోతే నిమిషంలోపు మాస్కుతో గాలి అందించడానికి రుజువు ఉంది. అక్కడ మనం అడ్డం రాకూడదు. మొదటి రోజే బిడ్డ పచ్చబడినా, అరిచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా ఎండలో పెట్టి కూర్చోకూడదు, ఆస్పత్రికి పరుగెత్తాలి. ఇంటి అలవాటుకూ, ఆస్పత్రి అలవాటుకూ, ఇంటర్నెట్‌లో వచ్చే కొత్త అలవాటుకూ ఒకటే కొలబద్ద.

ఇది న్యాయానికి సంబంధించిన మాట అని ఎందుకు అంటున్నాం? ఎందుకంటే ప్రశ్న అడిగే హక్కు అందరికీ సమానంగా లేదు. డబ్బున్న ఆవిడ పెద్ద ఆస్పత్రిలో ముందుగానే కూర్చుని మాట్లాడుకుంటుంది. జనరల్ వార్డులో మన అక్క పరిస్థితి ఏమిటి? ఆమెకు ఇంట్లో తెలుగు, పనిచేసే చోట వచ్చీరాని మరాఠీ. నొప్పుల్లో ఉన్నప్పుడు ఆ వచ్చిన నాలుగు మాటలు కూడా రావు. గట్టిగా అరిస్తే తిడతారు. పేరు, పేట చూసి కులం పసిగడతారు. ఆమె "ఎందుకు" అని అడిగితే "నీకేం తెలుసు" అంటారు. అందుకని ఊరుకుంటుంది. బిడ్డ ఎక్కడుందో గంటల తరబడి తెలియకపోయినా ఊరుకుంటుంది.

డబ్బాపాల సంగతి కూడా అంతే. కంపెనీలు తల్లులకు ఉచిత డబ్బాలు పంచకూడదని, ప్రకటనలు ఇవ్వకూడదని 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. అయినా వరండాలో నిలబడ్డ తమ్ముడు డబ్బా కొంటూనే ఉన్నాడు. కూలి డబ్బులతో కొన్న డబ్బా ఎక్కువ రోజులు రావాలని నీళ్ళు ఎక్కువ కలుపుతారు. ఆ నీళ్ళు ఏ కుళాయివో మీకు తెలుసు. వైద్యపరంగా నిజంగా అవసరమైన బిడ్డలు ఉంటారు, వాళ్ళ మాట వేరు. కానీ అవసరం ఏమిటో చెప్పకుండా డబ్బా తెమ్మంటే, ఏమిటని అడగాలి.

ఐగుప్తులో షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు ఉన్నారు. పై నుంచి ఫరో ఆజ్ఞ వచ్చింది. అందరూ పాటించవలసిన ఆజ్ఞ. వాళ్ళు బిడ్డ వైపు చూశారు, ఆజ్ఞ వైపు చూశారు, బిడ్డ పక్షాన నిలబడ్డారు. రాజు పేరు ఆ అధ్యాయంలో లేదు, ఈ ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు ఉన్నాయి.

అలాంటి ఆడవాళ్ళు మన కాలంలో కూడా ఉన్నారు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో, మన తెలుగువాళ్ళు ఎందరో ఉన్న సిరొంచ కూడా ఆ జిల్లాలోదే, డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 39 పల్లెల్లో ఊరి ఆడవాళ్ళకే చంటిబిడ్డ సంరక్షణ నేర్పారు. బిడ్డను వెచ్చగా ఉంచడం, పాలు పట్టించడం, ఊపిరి లెక్కపెట్టడం, చీము జబ్బు గుర్తుపట్టి మందు ఇవ్వడం. పక్క పల్లెలతో పోల్చి చూస్తూ లెక్క రాశారు. 1999లో ఫలితం ప్రకటించారు, చంటిబిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయి. ఇవాళ ఆశా కార్యకర్త మీ ఇంటికి వచ్చి బిడ్డ బరువు చూస్తోందంటే ఆ పల్లె ఆడవాళ్ళ చలవ ఉంది. చదువు లేదని, పేదవాళ్ళని ఎవరినైతే పక్కన పెడతామో వాళ్ళ చేతుల్లోనే ఆ పని జరిగింది.

మరి మనం ఏం చేద్దాం? మీకు ఒక వరం ఉంది. మీ అమ్మకు లేని వరం. మీరు కన్నడంలో, ఒడియాలో, మరాఠీలో, తమిళంలో చదువుకున్నారు. ఇంటి భాష, ఆస్పత్రి భాష రెండూ మీ నాలుక మీద ఉన్నాయి. మన పేటలో ఎవరు నిండు నెలలతో ఉన్నా ఆ ఇంటికి తోడుగా ఒకరు వెళ్ళండి. ఆడపిల్లలైతే లోపలికి తోడుగా ఉండనివ్వమని అడగండి. కాన్పుకు ముందే, గొడవ లేని సమయంలో, నర్సమ్మతో మర్యాదగా మాట్లాడండి. "సిస్టరమ్మా, బిడ్డ బాగా ఏడిస్తే అమ్మ గుండె మీద పెడతారా?" "బొడ్డు కోయడానికి ఒక నిమిషం ఆగుతారా?" "మొదటి రోజు స్నానం లేకుండా తుడిచి ఉంచుతారా?" "డబ్బాపాలు కావాలంటే ఎందుకో చెబుతారా?" ఈ నాలుగు మాటలు ఆ ఊరి భాషలో ఒక కాగితం మీద రాసి ప్రతి ఇంటికీ ఇవ్వవచ్చు. నర్సు ఒక్కతే పదిమంది బాలింతలను చూస్తుంటుంది. ఆమె మీద కేకలు వేయకండి. ఆమెకు సాయంగా ఇంకో నర్సు కావాలని పైవాళ్ళను అడగండి.

జబ్బు పడిన చంటిబిడ్డకు ప్రభుత్వ ఆస్పత్రిలో మందు, పరీక్ష, రవాణా ఉచితంగా ఇవ్వాలని 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం ఉంది. డబ్బులు అడిగితే ఆ పేరు చెప్పండి.

ఇంట్లో అమ్మమ్మతో మాట్లాడేటప్పుడు ఇంకా మెత్తగా మాట్లాడండి. "అమ్మమ్మా, నువ్వు చెప్పినట్టే బిడ్డను తల్లి పక్కన పెట్టాం, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తేనె ఒక్కటి ఏడాది దాటాక నాకిద్దాం" అనండి. ఆవిడ వింటుంది. ఆవిడకు కావలసింది కూడా బిడ్డ బతకడమే.

మొదటి గంట తూకం యంత్రానిది కాదు, బంధువుల ఫోటోలది కాదు, డబ్బాపాల కంపెనీది కాదు. అది ఆ తల్లిది, ఆ బిడ్డది. దాన్ని వాళ్ళ నుంచి ఎవరు తీసుకున్నా, ఎందుకు తీసుకున్నారో చెప్పవలసిన బాధ్యత వాళ్ళదే. అడగవలసిన బాధ్యత మనది.